అడ్డం పడిన పూలు

2022 ఎండాకాలం. ఆళ్లగడ్డలో మా ఇంటి ముందు గదిలోనే నా కుట్టుమిషన్. ఒకరోజు మధ్యాహ్నం, వీధిలో జనం తిరగని వేళ చూసుకుని రూతమ్మ వచ్చింది. ఆమె అనుమతితోనే, పేరు మార్చి ఇది రాస్తున్నాను.

ఆమెకు అరవై ఉంటాయి. నైటీ మీద పెద్ద తువ్వాలు కప్పుకుని ఉంది. తలుపు దగ్గరగా వేయమని, తువ్వాలు తీసింది. కుడివైపు రొమ్ము ఆపరేషన్ చేసి తీసేశారు. కుడిచెయ్యి భుజం నుంచి మోచేతి దాకా వాచి ఉంది.

"ఊర్లో ఎవరికీ తెలీదు ఓబులమ్మా. కడుపులో గడ్డ తీసినారని చెప్పుకున్యాం. జాకెట్ వేసుకోవాలంటే కోడల్ని పిలవాల. ఆ పిల్ల ముందర గుడ్డ తీయాలంటే నాకు సచ్చేంత సిగ్గయితాంది. అందుకే చర్చికే పోవడం మానేసినా."

"సాగే గుడ్డతో కుడతాలే అక్కా."

"బనియన్ గుడ్డనా? అది లోపల తొడుక్కునేది గదా. పూలదైతే సూడు, చీరమీదికి జాకెట్ మాదిరే ఉండాల. నా అంతట నేను తొడుక్కోవాల. అంతే మే."

మామూలు జాకెట్ గుడ్డ నేసినది, సాగదు. నిట్ గుడ్డ అల్లినది, బనియన్‌లాగా సాగుతుంది. పూలు లేని ఒట్టి రంగు నిట్ మా ఊళ్లోనూ దొరుకుతుంది. అచ్చు పూలున్న మంచి నిట్ కోసం మరునాడే నంద్యాల బస్సెక్కాను.

అక్కడ నిట్ తూకానికి అమ్మే దుకాణం ఒకటి నాకు తెలుసు. ఒక తాను తీసి పిడికిలి మీద కప్పి బిగించి చూశాను. పూల మధ్య తెల్లటి పగుళ్లు కనిపించాయి. రంగు గుడ్డలోకి దిగకుండా పైపైన ఉంటే అట్లాగే పగులుతుంది. ఇంకొకటి నాలుగు వైపులా సాగింది కానీ పాలిస్టర్. ఆ ఎండకు, మానుతున్న చర్మానికి అది పనికిరాదు. మూడోదాన్ని లాగి వదిలాను. వదిలీ వదలగానే మళ్లీ తన కొలతకు రావాలి, దాన్ని రికవరీ అంటారు. అది రాలేదు, మోకాలు పోయిన ప్యాంటులా ఉబ్బి ఉండిపోయింది.

"సాగదీసి సాగదీసి మీటరును రెండు మీటర్లు చేసేటట్టుండావే అక్కా!" అన్నాడు షాపాయన.

"తూకానికి అమ్మేటోనివి, నీకేం నష్టమప్పా? ఆ నీలంది తీయి."

నలభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నాను. తాను అంచున అంటించిన చీటీ కూడబలుక్కుని చదివాను. కాటన్, సాగడానికి కొద్దిగా లైక్రా దారం. ముదురు నీలం మీద చిన్న తెల్లపూలు, కాడలు కిందికి, తలలు పైకి. అచ్చు పగల్లేదు. రికవరీ బాగుంది. ఒక్కటే లోపం, అడ్డంగా మాత్రమే సాగుతుంది.

జాకెట్ చేతులకు అడ్డంగా సాగితే చాలు, వాపుకు తగ్గట్టు వదులవుతుంది. ఒంటిమీదికి వచ్చే ముక్క మాత్రం నిలువుగా సాగాలి. లేకపోతే చెయ్యి లేపేటప్పుడు చంక కింద గుంజేస్తుంది. అందుకని ఆ ముక్కను తిప్పి కోయాలి. అప్పుడు చేతుల మీద పూలు నిలబడతాయి, ఒంటి మీద అడ్డం పడతాయి. పూలను నిలబెట్టి కోయడం మా పనిలో మొదటి పాఠం. అది తప్పినవాళ్లను కుట్టేవాళ్ల కింద ఎవరూ లెక్కపెట్టరు.

గుడ్డ తెచ్చి రూతమ్మకు అంతా చూపించాను. ఆమె పూల మీద వేలితో రాసి చూసింది.

"పూలు పడుకుంటే పడుకోనీలే. నా చెయ్యి లేస్తే సాలు. నీకే మాటొస్తాది గదా మే?"

"వస్తే రానీలే అక్కా."

అల్లిక దారం తెగకుండా మొన గుండ్రంగా ఉండే సూది వేసి కుట్టాను. ముందువైపు హుక్కులకు బదులు టిచ్ బటన్లు పెట్టాను, ఎడమచేత్తో నొక్కినా పడతాయి.

తొడిగి చూసే రోజు ఆమె పరదా వెనక్కి పోయింది. చాలాసేపు పట్టింది. ఒక మూలుగు వినిపించి లేచాను.

"రావొద్దు. ఆడనే ఉండు."

మళ్లీ కూర్చున్నాను. చివరికి టిచ్ బటన్లు ఒక్కొక్కటే పడిన చప్పుడు. బయటికొచ్చి, చీర సర్దుకుని, ప్రార్థనకు కప్పుకున్నట్టు కుడిచేత్తోనే కొంగు తలమీదికి లాక్కుంది. చెయ్యి తల దాకా లేచింది.

ఆ ఆదివారం ఆమె చర్చికి పోయింది. మరునాడు ఎదురువీధి మార్తమ్మ గుడ్డ సంచీతో వచ్చింది.

"రూతమ్మ జాకెట్ నువ్వే కుట్టినావంట? చేతుల మీద పూలు నిలబడుకున్యాయి, వీపు మీద పండుకున్యాయి. నిద్రపోతా కోసినావా ఏంది?"

"సూపు ఆనలేదక్కా."

ఆమె సంచీ విప్పకుండానే చంకన పెట్టుకుని వేరే మిషన్ దగ్గరికి పోయింది. పోనిచ్చాను.

అంతకుముందు ఎవరొచ్చినా మొదట గుడ్డ పరిచి అచ్చు చూసేదాన్ని. ఇప్పుడు టేపు చేతిలోకి తీసుకోకముందే, "ఒకసారి చేతులు పైకెత్తు తల్లీ" అంటాను. ఎంతవరకు లేస్తాయో, ఎక్కడ ముఖం చిట్లిస్తారో చూస్తాను. పూలు ఎటు ఉండాలో ఆ తర్వాతే.