తడి రన్‌వే, వెలగని దీపం

అరవైల చివర్లో నేను నాలుగింజన్ల జెట్ విమానాల మీద కో-పైలట్‌గా కొత్తగా చేరాను. మాది బొబ్బిలి దగ్గర పల్లె. బొంబాయిలో నా కాపురం చూడ్డానికి రమ్మంటే, ఊడ్పుల వేళ పొలం వదిలి రానన్నాడు నాన్న. అమ్మ వచ్చింది. మద్రాసు దాకా ఇద్దరం రైల్లో వెళ్లి, అక్కణ్ణుంచి నేను డ్యూటీ చేసే విమానంలోనే ఆమెను ఎక్కించాను.

బొంబాయిలో పెద్ద వాన. రన్‌వే నీళ్లతో మెరుస్తోంది, పక్కగాలి కొడుతోంది. విమానం నడుపుతున్నది కెప్టెన్, నెమ్మదైన పెద్దాయన. చక్రాలు నేలను తాకగానే రివర్సు లీవర్లు లాగారు. అలా లాగితే ఇంజన్లు వెనక్కి చిమ్మే గాలికి లోపల తలుపులు అడ్డుపడి, దాన్ని ముందుకు మళ్లించి విమానం వేగాన్ని తగ్గిస్తాయి. తడి నేల మీద బ్రేకులు సరిగా పట్టవు కాబట్టి, వేగం ఎక్కువగా ఉన్నప్పుడే రివర్సు వాడుకోవాలి. తలుపులు తెరుచుకున్నాయని చెప్పే దీపాలు చూసి చెప్పడం నా పని.

ఎడమ చివరి ఇంజను దీపం వెలగలేదు.

"ఒకటో నంబరు రాలేదు సార్" అన్నాను.

కెప్టెన్ దాన్ని వదిలేశారు. దానికి జోడీగా కుడి చివరి ఇంజనును కూడా పెంచకుండా ఉంచేశారు. ఒక పక్కే లాగితే విమానం అటు తిరిగిపోతుంది. లోపలి రెండింటితోనే ఆపుతుండగా, గాలికి ముక్కు పక్కకి జరిగింది. ఆగాలన్న ఆత్రంలో ఇంకా గట్టిగా లాగాలనిపించే క్షణం అది. కానీ ముక్కు వంకరగా ఉండగా లాగితే రివర్సు విమానాన్ని రన్‌వే పక్కకి ఈడ్చేస్తుంది. ఆయన రివర్సు తగ్గించి, ముక్కు తిన్నగా చేసుకుని, మళ్లీ పెంచారు. రన్‌వే ఇంకా మిగిలుండగానే ఆగాం.

మెట్లు దిగాక అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఏట్రా ఆ గోల? ఏటో ఇరిగిపోయిందనుకున్నాను."

జరిగింది దాచకుండా చెప్పాను.

"ఆగదనిపిస్తే మల్లీ పైకి లేపీవచ్చు కదేటి?"

"లేదమ్మా. రివర్సు లాగేక ఇంక ఆగడమే. మల్లీ లేపితే, ఆ తలుపుల్లో ఒకటి మూసుకోకపోయినా విమానం గాల్లో నిలవదు."

ఆ దసరాకి నేను ఊరు వెళ్లేసరికి కథ ఇంటింటికీ తెలిసిపోయింది. అరుగు మీద మావయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఆ ఉజ్జోగం మానీరా. ఇక్కడే ఏదో ఒకటి సూసుకుందాం" అన్నాడు.

నేను మాట్లాడేలోగా లోపల అంబలి కోసం చోడిపిండి జల్లిస్తున్న అమ్మ అంది: "మానడమెందుకు? దీపం ఎలగలేదని ఈడు సెప్పినాడు. ఆ పెద్దాయన ఇన్నాడు. అందుకే కదా ఈ పూట నేనిక్కడున్నాను."

మావయ్య చుట్ట వెలిగించుకుని వానల సంగతి ఎత్తుకున్నాడు. అమ్మ మాత్రం ఆ తర్వాత బొంబాయికి ఎప్పుడొచ్చినా రైల్లోనే వచ్చింది.