మొండికేసిన బాపు కారు

మా అవ్వ, అంటే మా అమ్మ, కంటి ఆపరేషన్‌ను రెండుసార్లు ఆపిన ఘనుణ్ణి నేనే. డాక్టరు ఆపలేదు, వాన ఆపలేదు. నేనే ఆపాను. పైగా నా ఉద్యోగం చెల్పూర్‌లో, కరెంటు తయారుచేసే చోట. ఇది చదివి మీరు నవ్వుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు కానీ, ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరికీ నవ్వు రాలేదు.

మొగుళ్లపల్లిలో మా వాకిట్లో ఉండే పాత తెల్ల కారు బాపుది, అంటే మా నాన్నది. పత్తి బాగా పండిన ఏడాది ఎవరి దగ్గరో కొని, పసిపిల్లను సాకినట్టు సాకాడు. ఆయన పోయాక ఆ కారు చూస్తే నాకు ఆయనే గుర్తొచ్చేవాడు. అందుకే స్టీరింగ్ పక్కన బాపు ఫొటో అతికించి, దాని ముందు వేలెడంత ఎర్ర బల్బు పెట్టాను. కారు ఆపినా అది ఆరకూడదని వైరు నేరుగా బ్యాటరీకే కలిపాను. ఏడుస్తూ నా చేతులతోనే కలిపాను.

మీకు అప్పుడే అర్థమైపోయింది కదా. నాకు అర్థం కావడానికి వానాకాలమంతా పట్టింది.

నేను డ్యూటీకి బస్సులో పోతాను కాబట్టి కారు రోజుల తరబడి వాకిట్లోనే ఉండేది. అవ్వకు ఆపరేషన్ అన్న రోజు పొద్దున్నే ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టి తాళం తిప్పాను. టక్ మని ఒక్క శబ్దం వచ్చి ఊరుకుంది. ఆటో పిలుస్తానంటే అవ్వ ఒప్పుకోలేదు.

"బాపు బండిలనే పోత. లేకుంటే పోను."

మెకానిక్ సమ్మన్న వచ్చి బ్యాటరీ పాతదైందని కొత్తది వేశాడు. మళ్లీ భూపాలపల్లి దవాఖానకు పోయే రోజు వచ్చింది. మళ్లీ అదే టక్. సమ్మన్న తల పట్టుకున్నాడు.

"సెల్ఫ్ మంచిగనే ఉంది, డైనమో మంచిగనే ఉంది. ఎక్కడనో ఏదో కరెంటు తాగుతుంది తమ్మీ. నువ్వేమన్న కొత్త లైట్లు గిట్ల పెట్టించినవా?"

"లేదన్నా. ఒక్కటి గూడ పెట్టలే."

నేను అబద్ధమాడలేదు. బాపు ముందు వెలిగేదాన్ని లైట్ల లెక్కలో వేయాలన్న ఆలోచనే నాకు రాలేదు. సమ్మన్నకూ రాలేదు. లోపలికి వంగి ఫొటో చూసి దండం పెట్టుకున్నాడు. ఆ ఒక్క వైరు వదిలేసి మిగతా వైర్లన్నీ పీకి చూశాడు.

అసలు ముప్పు అప్పుడొచ్చింది. అవ్వ సీట్లోంచి దిగి, తడుముకుంటూ వచ్చి అరుగు మీద కూర్చుంది.

"పోదామన్నప్పుడల్ల ఆగుతుందంటే మీ బాపే వద్దంటుండు కొడుకా. నాకు ఆపరేషన్ వద్దు."

"అవ్వా, ఆలస్యమైతే చూపు పోతదన్నడు డాక్టరు."

"పోతే పోనీ. ఆయన మాట కాదని నేనెన్నడు పోయిన?"

డాక్టరుతో ఇంకో రోజు ఖాయం చేసుకుని, ఆ పొద్దున ఆమె లేవకముందే వాడకట్టు వాళ్లను పిలిచి కారు తోయించాను. ఇంజన్ నడుస్తున్న కారులోకి ఆమెను ఎక్కించి, "బాపు రమ్మంటుండు, నడువ్" అన్నాను. దవాఖాన దాకా ఇంజన్ ఆపలేదు. దారిలో గేదెలు అడ్డమొస్తే వాటికి కూడా దండం పెట్టాను.

ఆపరేషన్ బాగా జరిగింది. మర్నాడు కట్టు విప్పి, నల్లద్దాలు ఇచ్చి పంపారు. అవ్వ ముందు సీట్లో కూర్చుని, అద్దాలు కొంచెం పైకెత్తి ఫొటో వైపు చూసింది. నేను తాళం తిప్పబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"పట్టపగలు గీ బలుబు ఎందుకు ఎలుగుతుంది రా?"

"బాపు కోసం పెట్టిన అవ్వా. రాత్రి పగలు ఆరకుండ."

"బండి బందు పెట్టినంక గూడ?"

"ఆఁ."

అవ్వ నా వైపు తిరిగింది. నా మొహం అంత స్పష్టంగా చూసి ఆమెకు చాలా కాలమైంది. చూసి సంతోషించినట్టు మాత్రం లేదు.

"తెల్లారినంక వాకిట్ల బలుబు జరసేపు ఎలిగితే ఇల్లు పీకి పందిరేసెటోడు మీ బాపు. గసొంటాయన ముంగట ఉత్తగ బలుబు ఎలగబెడితే బండి కదలనిస్తడా?"

సమ్మన్న వారాల తరబడి వెతికిన దొంగ నా ఎదుటే ఎర్రగా వెలుగుతూ కూర్చుంది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను. అవ్వ మాత్రం మళ్లీ ఫొటో వైపు తిరిగి చాలాసేపు చూసింది.

"ఆర్పెయ్ కొడుకా. లైటు లేకున్న మంచిగ కనబడుతుండు."

వైరు పీకేశాను. ఆ కారు మళ్లీ ఒక్కరోజు కూడా ఆగలేదు.

అందరి ముందు ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో బాపు పేరు మీద ఏ బల్బునూ బ్యాటరీకి కలపను. ఆయన సంవత్సరీకానికి నూనె దీపమే పెడతాను. ఆ పక్కనే ట్యూబులైటు వెలుగుతుంటే మాత్రం ముందు దాన్ని ఆర్పి, తర్వాతే దండం పెడతాను.