తిరగబడ్డ స్వరాల పుస్తకం

వై2కె భయం తీరిపోయి, డాట్‌కామ్ కంపెనీల జోరు ఇంకా తగ్గని రోజుల్లో నేను సింగపూర్‌లో, టోవా పాయోలోని ఒక స్కానింగ్ కంపెనీలో నాణ్యత తనిఖీదారుగా చేరాను. పాత కాగితాలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఆ కంపెనీ పని. ఎక్కినవి అసలుతో సరిపోయాయని చూసి సంతకం పెట్టడం నా పని. నాకు డిగ్రీ లేదు, లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాడిని. అందువల్ల ఏ తనిఖీనైనా లెక్కలోకి దించుకునేవాడిని: పేజీలెన్ని, పేజీకి వరుసలెన్ని, వరుసకు గుర్తులెన్ని.

ఆ ఏడాది ఒక యూదు కుటుంబం నుంచి పని వచ్చింది. సెరంగూన్‌లో ఉండే ఒక పెద్దాయన తమ ప్రార్థనా మందిరంలో చాలాకాలం గాయకుడిగా పనిచేశారు. గాయకుడు ముందు నిలబడి పాడతాడు, తక్కినవారు అతని వెంట ప్రార్థిస్తారు. గొంతు ఆపరేషన్ తరువాత ఆయనకు గుసగుస మాత్రమే మిగిలింది. రాబోయే పెద్ద ఉపవాసం నాడు ఆయన బదులు మనవడు డేనియల్ పాడాలి. ప్రార్థనల మాటలు డేనియల్‌కు చిన్నప్పటినుంచీ కంఠతా వచ్చు. తాత బాణీలు మాత్రం ఆయన చేత్తో రాసుకున్న స్వరాల పుస్తకంలోనే ఉన్నాయి. డేనియల్ అవి నేర్చుకోలేకపోతే, ఎక్కడిదో క్యాసెట్టు తెప్పించి అందులోని బాణీలే పాడతారు. పెద్దాయనవి ఆయనతో ఆగిపోతాయి.

పుస్తకం తెరిచినప్పుడల్లా అంచులు రాలుతున్నాయి కాబట్టి సాధనకు నకలు కావాలి. స్కానర్ అద్దం మీద బోర్లించే వీలు లేక, వాళ్ళ ఇంట్లోనే ఫొటోలు తీయించి, ఆ ఫిల్మును స్కాన్ చేశాం. ఫిల్మును తప్పు ముఖం పైకి పెడితే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తుంది. మా పనిలో అది తరచూ జరిగే పొరపాటు. ఒక్క మీట నొక్కితే సరవుతుంది.

స్కాన్ చేసినది కాకినాడ కిరణ్. ఊళ్ళో చర్చిలో కీబోర్డు వాయించేవాడు, పాశ్చాత్య స్వరలిపి తెలిసినవాడు. మొదటి పేజీ చూస్తూనే నన్ను పిలిచాడు.

"సార్, ఫిల్మ్ తిరగేసి పెట్టేశామండీ. వరుస మొదట్లో ఉండాల్సిన గుర్తు కుడిపక్కనుంది. పాటని వెనకనించి ఎవరైనా రాస్తారాండీ?"

"స్వరాల కింది అక్షరాలు చూశావా?"

"అవెటు తిప్పినా నాకొకటేనండీ."

నా పరిస్థితీ అదే. కిరణ్ అప్పటికి స్కాన్ అయిన మొదటి సగం పేజీలన్నీ తిప్పేశాడు. నేను గుర్తులు లెక్కపెట్టాను. అన్నీ సరిపోయాయి. తిప్పినంత మాత్రాన లెక్క మారదు.

ప్రింట్లు తీసుకుని సెరంగూన్ వెళ్ళాను. పెద్దాయన ఒక పేజీ చూసి, మనవడి చెవిలో ఏదో గుసగుసలాడారు. డేనియల్ నవ్వు ఆపుకుంటూ చెప్పాడు.

"అంకుల్, అక్షరాలన్నీ తిరగబడ్డాయి. జీవితమంతా రాసినా, ఇంత నీట్‌గా వెనకనుంచి రాయడం తనకు చేతకాలేదంటున్నారు తాత."

హీబ్రూ కుడి నుంచి ఎడమకు రాస్తారు. ప్రతి స్వరం కింద దాని మాట పడేలా పెద్దాయన స్వరాలనూ కుడి నుంచే రాశారు. అంటే ఫిల్ము మేము సరిగ్గానే పెట్టాం. సరిగ్గా ఉన్నదాన్ని సరిచేశాం.

తప్పు ప్రింట్లు వెనక్కి తెచ్చి మిషన్లో వేసి ముక్కలు చేయించడం మా నిబంధన. కట్ట ఎత్తబోతే పెద్దాయన దాని మీద చెయ్యి వేశారు. వాటిలో దేవుడి పేరుంది. అలాంటి కాగితాన్ని వాళ్ళు చింపరు, పారేయరు. శ్మశానంలో పాతిపెడతారు. తిరగబడిన పేరు కూడా పేరేనా అని డేనియల్ అడిగితే, అది తేలేదాకా చింపవద్దన్నారట. కాగితానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే అలవాటున్న నేను వాదించలేదు.

మా ఫారంలో "నాశనం చేసిన విధానం" అనే గడి ఉంది. అందులో "ఖననం, కస్టమర్ ద్వారా" అని రాశాను. మేనేజర్ లిమ్ దాన్ని రెండుసార్లు చదివి, ఎవరైనా పోయారా అని అడిగాడు. లేదన్నాను. సంతకం పెట్టాడు.

తరువాత పుస్తకం మొత్తానికీ సరైన ప్రింట్లు పంపాం. కొన్నాళ్ళకు డేనియల్ ఫోన్ చేశాడు.

"అంకుల్, తప్పు ప్రింట్లు మిగతా సగానికి కూడా కావాలి."

"తప్పువా?"

"నేను పియానో ఎడమనుంచి నేర్చుకున్నాను కదా. తాత రాసినట్టు కుడినుంచి చదివితే ప్రతి వరుసకీ తడబడుతున్నా. పాతిపెట్టే ముందు ఆ తప్పువి ఊరికే వాయించి చూశా. చక్కగా వచ్చేస్తోంది! అక్షరాలతో పనేముంది, మాటలు నాకు వచ్చు."

కొత్త ఆర్డర్ రాశాను. లిమ్ ఈసారి కారణం అడగలేదు. కిరణ్ మాత్రం, "ఈసారి తప్పు కరెక్టుగా చేస్తానండీ" అన్నాడు. చేశాడు. ప్రతి పేజీ తిరగబడిందని నిర్ధారించి నేను సంతకం పెట్టాను.

ఆ ప్రింట్లు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు డేనియల్ సాధన చేస్తున్నాడు. పెద్దాయన పక్కన కూర్చుని, వేగం పెరిగినచోట బల్ల మీద వేలితో కొట్టి ఆపుతున్నారు. ఒక బాణీ ఆపకుండా చివరిదాకా సాగింది. ఆయన చెయ్యి ఒడిలోకి తీసుకున్నారు. ఉపవాసం నాడు క్యాసెట్టు బాణీల అవసరం పడలేదని తరువాత తెలిసింది.

తప్పు నకలు, పనికిరాని నకలు అనేవి రెండు వేర్వేరు లెక్కలని ఆ పనిలో నేర్చుకున్నాను. మొదటిది అసలుతో పోల్చితే తేలుతుంది. రెండవది వాడే మనిషిని అడిగితే తప్ప తేలదు. మా ఫారంలో రెండింటికీ ఒకటే గడి ఉండేది. నేను పదవీ విరమణ చేసేనాటికీ ఒకటే ఉంది.