మోతిని చూడవచ్చినవాళ్లు

ఆ రోజుల్లో నేను వెళ్లే ఇంటికి నాకంటే ముందు నా కోపం చేరేది. బండి చప్పుడు వినగానే కుక్కలు మంచాల కింద దూరేవి. వాటి యజమానులకు ఆ వీలు లేదు కాబట్టి నా ఎదుట నిలబడేవారు. మెట్‌పల్లిలో ఇళ్లకు వెళ్లి పశువైద్యం చేయడం అప్పుడే మొదలుపెట్టాను. (ముసలి కుక్కకు ఇంటికొచ్చే డాక్టరేమిటని నవ్వినవాళ్ల మీద ఒక కోపం, కుక్క లేవలేని దాకా ఆగి పిలిచేవాళ్ల మీద ఇంకో కోపం.)

మోతి అనే ముసలి కుక్కకు మూత్రపిండాలు పాడయ్యాయి. దాని యజమాని మస్కట్‌లో ఉండేవాడు. ఆయన భార్యను అక్కా అని పిలిచేవాణ్ణి. "వచ్చే వారం ఆయన సెలవు మీద వస్తుండు సారూ. గప్పటిదాక వీని పానం నిలబెట్టు. చిన్న కూన ఉన్నప్పుడు అంగీల ఏసుకొని తెచ్చిండు," అంది. జబ్బు నయం కాదు గానీ, తిండి జాగ్రత్తగా పెడితే ఆ వారం గడుస్తుంది. సెలైన్ ఎక్కించి, మెత్తటి అన్నం తప్ప ఏదీ పెట్టొద్దని గట్టిగా చెప్పి వచ్చాను.

మర్నాడు వెళ్తే వాంతి, అందులో బూందీ. ఆ మరుసటి రోజు మటన్ ముక్క. "ఒట్టు సారూ, నేను మెత్తటి బువ్వే పెట్టిన," అంది అక్క. నాకు ఒళ్లు మండిపోయింది. అబద్ధాలు చెప్పొద్దని అరుస్తుండగా వెనకింటి పెద్దవ్వ గిన్నె పట్టుకుని లోపలికి వచ్చింది, ఆమె వెనకే ఇంకొకామె బ్రెడ్డు ప్యాకెట్‌తో. మంచాన పడ్డ మనిషిని పలకరించినట్టే వాడకట్టంతా మోతిని పలకరిస్తోందని అప్పటికి గాని నా బుర్రకు ఎక్కలేదు.

"పానం బాగలేనోన్ని సూడ ఉత్తచేతులతోని ఎట్లొస్తం సారూ?" అంది పెద్దవ్వ, తప్పు నాదే అయినట్టు.

"వాడు సస్తే మీ గిన్నెలతోనే సస్తడు. ఇంకోపారి తెస్తే సూది మీకే ఇస్త," అని అరిచాను.

"గట్ల ఒర్లకు బిడ్డా, వాడు బెదురుతుండు. పొద్దుగాల ఏమన్న తిన్నవా నువ్వు?"

తినలేదు. గిన్నె నా చేతికి వచ్చింది. కోపంగానే తిన్నాను. (చాలా రుచిగా ఉంది, దాంతో కోపం ఇంకా పెరిగింది.) ఇక రోజూ పొద్దున్నే ఆ గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని, వచ్చిన ప్రతి గిన్నెనూ గుంజుకున్నాను. తెచ్చింది వెనక్కి పంపితే చిన్నబుచ్చుకుంటారు కాబట్టి నేనే తిన్నాను. మోతి వాంతులు ఆగాయి, నా కడుపు చెడింది.

చివరికి ఆయన విమానం దిగి నేరుగా ఇంటికి వచ్చాడు. తల ఎత్తడమే మానేసిన మోతి తల ఎత్తింది. తోక నేల మీద టపటపా కొట్టుకుంది. ఆయన దాని పక్కన కూలబడి, కళ్లు తుడుచుకుంటూ బ్యాగు తెరిచి ఖర్జూరం పొట్లం తీశాడు. "వీనికి ఖజూర అంటే మస్తు ఇష్టం సారూ."

వాడకట్టంతా నా వైపు చూసింది. అరవడానికే నోరు తెరిచాను.

"గింజ తీసి పెట్టు," అన్నాను.

మోతి దాన్ని మింగలేదు. నోట్లో పెట్టుకుని చాలాసేపు ఆయన ముఖమే చూసింది. కొద్ది రోజులకే ఆయన ఒడిలో పోయింది. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు మీద కూడా కోపమొచ్చింది.

జుట్టు నెరిసినా కోపం తగ్గలేదు. ముసలి కుక్కలకు అడ్డమైన తిండీ పెట్టేవాళ్లను ఇప్పటికీ తిడతాను. కాకపోతే ఇక బతకదని తెలిసిన దాన్ని చూడబోయేటప్పుడు, నా సంచిలో సూదుల పక్కన గింజలు తీసిన ఖర్జూరాలు నాలుగు పెట్టుకుంటాను. ఉత్తచేతులతోని ఎట్ల పోత?