ముప్పై రెండు ఖాళీ గడులు

ఆ రోజుల్లో నాకు కంప్యూటర్ మీద ఉన్నంత నమ్మకం కన్నతల్లి మీద కూడా లేదు. (ఆ రోజులంటే మరీ తాతల కాలమేం కాదు, ఎల్బీ నగర్ దాకా మెట్రో కొత్తగా వచ్చిన రోజులు. నాకు ఇరవై రెండేళ్లు.) తెర మీద అంతా సరిగ్గా కనిపిస్తే లోకం కూడా సరిగ్గానే ఉందనుకునేదాన్ని. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణం పైన, రెండో అంతస్తులో, కీబోర్డూ గిటారూ నేర్పే సంగీతం క్లాసులు ఉండేవి. నా మొదటి ఉద్యోగం అక్కడే. ఎవరైనా ఒక బాణీ తెస్తే దాన్ని పాశ్చాత్య పద్ధతిలో ఐదు గీతల మీద కంప్యూటర్‌లో ఎక్కించి, అచ్చు తీసి ఇవ్వడం నా పని. పోచంపల్లిలో మగ్గాల మధ్య పుట్టి పెరిగిన మా అమ్మకు ఈ కొలువు ఏనాడూ అర్థం కాలేదు. "గీతలు గీసేదానికి జీతమిస్తున్నరా బిడ్డా? ఎన్నడో ఒకనాడు వాళ్లకు ఎరుకైతది, జర చూస్కో" అనేది.

ఒకరోజు ఎల్బీ నగర్ నుంచి ఒక పెళ్లి బ్యాండు మాస్టర్ మెట్లెక్కి వచ్చాడు. ఎవరో పెళ్లికూతురి తండ్రికి ఒక ముచ్చట పుట్టిందట. బరాత్ ఊరేగింపులో వాయించేవాళ్లంతా మిలిటరీ వాళ్లలాగా ఎదురుగా కాగితాలు పెట్టుకుని వాయించాలట. బాణీ మాస్టర్ సొంతంగా కట్టిందే. క్లారినెట్ తీసి అక్కడే వాయించి వినిపించాడు, ఎవరెక్కడ అందుకోవాలో చెప్పాడు. మొత్తం ఏడుగురు. మామూలుగా ఎవరి కాగితం వాళ్లకు విడిగా ఇస్తామని నేను కొంచెం గొప్పగానే చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. "అట్ల వద్దు మేడమ్. అందరిదీ ఒకటే కాయితం ఉండాలె. ఒకనికి ఒకటి, ఇంకొకనికి ఇంకొకటి ఇస్తే లొల్లయితది. పేర్లు గూడ వాయిద్యాలయి కాదు, మనుషులయే రాయుర్రి. ఇంకొకటి, రెండు పేజీలు దాటొద్దు. నడుసుకుంట వాయిస్తం, గాలికి లేస్తయ్" అన్నాడు. నేను అన్నిటికీ తలూపాను. తలూపడానికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు కదా.

ఏడుగురికి ఏడు పట్టీలు, ఒక్కో పట్టీకి ఐదేసి గీతలు, తాళం లెక్క కోసం వాటిని గడులుగా విడగొట్టే నిలువు గీతలు. అన్నీ ఎక్కించి చూస్తే ఐదు పేజీలు తేలాయి. పట్టీల మధ్య దూరం తగ్గిస్తే ట్రంపెట్ పై స్వరాలు క్లారినెట్ గీతల్లోకి దూరాయి. పెంచితే పెద్ద డ్రమ్ము పేజీ అడుగు నుంచి జారిపోయింది. అన్నిటినీ చిన్నవి చేస్తే కాగితం మీద చీమలు పారినట్టుంది. మా సార్‌ది గుంటూరు వైపు. కళ్లజోడు పైకి జరుపుకుని చూసి, "ఏంటమ్మా ఇది? ట్రంపెట్టాయన క్లారినెట్టాయన నెత్తినెక్కి కూర్చున్నాడేంటి? వాళ్లిద్దరికీ ఏమన్నా పాత గొడవలున్నాయా?" అని అడిగి వెళ్లిపోయారు. మూడు రోజులు నిద్రలో కూడా ఆ పట్టీలనే పైకీ కిందికీ జరిపాను.

నాలుగో రోజు ఒక మూల టిక్కు పెట్టే చిన్న గడి కనిపించింది. ఖాళీ పట్టీలను దాచమని దాని అర్థం. ఎవరు ఎక్కడ వాయించకుండా ఊరుకుంటారో, అక్కడ వాళ్ల పట్టీ కాగితం మీద కనిపించదు. టిక్కు పెట్టగానే ఐదు పేజీలు మూడయ్యాయి. మూడో పేజీలో ఒకే ఒక్క ముక్క, అంటే పట్టీల వరస ఒకటి, మిగిలింది. పాట మొదట్లో మాత్రం ఎవరినీ దాచొద్దని, నాలాంటి వాళ్ల కోసమే కాబోలు, పక్కన ఇంకో టిక్కు ముందే పెట్టి ఉంది. దాన్ని తీసేశాను. సరిగ్గా రెండు పేజీలు. పేర్లు మొదటి ముక్క దగ్గర మాత్రమే ఉంటాయి, తర్వాత వట్టి గీతలే. చూడ్డానికి ఎంత శుభ్రంగా ఉందో చెప్పలేను. సార్ "శభాష్" అన్నారు. కిందికి దిగి నాకు నేనే మిర్చి బజ్జీలు కొనిపెట్టుకున్నాను.

ఆ సాయంత్రమే మాస్టర్ వచ్చి కాగితాలు పట్టుకెళ్లాడు, మర్నాడు మధ్యాహ్నం ఫోన్ చేశాడు. "మేడమ్, మా పెద్దనాయినను ఎందుకు తీసేసిన్రు?"

భుజాన వేసుకుని ఊదే పెద్ద బాకా ఉంటుంది కదా, అది వాయించేది ఆ పెద్దనాయన. మాస్టర్ తండ్రికి అన్న. మాస్టర్‌కు చిన్నప్పుడు క్లారినెట్ పట్టుకోవడం నేర్పింది కూడా ఆయనే. బ్యాండులో అందరూ ఆయన్ను పెద్దనాయన అనే పిలుస్తారు, కాగితం మీదా అదే పేరు ఎక్కించాను. మిగతా ఆరుగురూ మొదటి గడిలోనే మొదలుపెడతారు. ఆయన ఒక్కడు ముప్పై రెండు గడులు ఊరుకుని, ముప్పై మూడోదాంట్లో అందుకుంటాడు. అంటే నా శుభ్రమైన కాగితం మీద ఆరు పేర్లే ఉన్నాయి. రెండో పేజీలో ఆయన స్వరాలు ఉన్నాయి గానీ, అవి ఎవరివో చెప్పే పేరు లేదు.

"పోయిన నెల నేనే అన్న మేడమ్, మోకాళ్లు నొస్తున్నయ్ గదా, ఇంట్ల కూసోరాదు అని. గిప్పుడు గా కాయితం నేనే గట్ల రాయించిన అనుకుంటుండు. నేన్ జెప్తె ఇంటలేడు. 'మంచిది బిడ్డా' అన్నడు, బాకా పెట్టెల పెట్టిండు, ఎల్లిపోయిండు. రేపు సాయంత్రమే బరాత్." మాస్టర్ గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

పెద్దనాయన ఇల్లు హయత్‌నగర్‌లోనని, ఏ బస్టాపుకు వెళ్తాడో కూడా కనుక్కుని, ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని మెట్రో ఎక్కాను. ఎల్బీ నగర్‌లో హయత్‌నగర్ బస్సులు ఆగేచోట ఆయన కూర్చుని ఉన్నాడు. పక్కన పసిపిల్లను కూర్చోబెట్టుకున్నట్టు బాకా పెట్టె. నేను దూరం నుంచి చూస్తుండగానే ఒక హయత్‌నగర్ బస్సు వచ్చింది, ఆగింది, పోయింది. ఆయన లేవలేదు. అది చూశాక నాకు నిజంగా ఏడుపొచ్చింది.

దగ్గరికి వెళ్లి, ఆ గీతలు గీసింది నేనేనని చెప్పి, ల్యాప్‌టాప్ ఆ పెట్టె మీదే తెరిచాను. "తాతా, మిమ్మల్ని ఎవరు తీసెయ్యలే. ఈడ మీరు ఏం వాయించరు గదా, ఖాళీ అని నేనే దాచిన. తప్పు నాదే" అన్నాను.

ఆయన తెరవైపు చూడలేదు, నావైపు చూశాడు. "ఖాళీ అని ఎవరన్నరు బిడ్డా? ముప్పై రెండు లెక్కవెట్టాలె నేను. మధ్యల పెండ్లిపోరగాళ్లు దుంకుతుంటరు, పటాకులు పేలుతుంటయ్, ఎవడో వచ్చి ఇంకో పాట కొట్టుమంటడు. అండ్ల ఒక్కటి తప్పితే అందరిదీ పోతది. ఊదుడు అల్కగుంటది. ఊకుండుడే కష్టం."

నేను రెండు టిక్కులూ సరిచేశాను. పట్టీలన్నీ ఒక్కసారిగా పైకి తేలాయి. క్లారినెట్లకూ ట్రంపెట్లకూ కింద, డ్రమ్ములకు పైన, "పెద్దనాయన" అని పేరు, దాని పక్కన ముప్పై రెండు ఖాళీ గడులు. ఆయన వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. (నేను టైప్ చేసింది సరిగ్గా ఉందా లేదా అని పరీక్షించాడని తర్వాత తెలిసింది.) "సరిపోయినయ్" అన్నాడు. ఐదు పేజీలయ్యాయని, గాలికి లేస్తాయని గొణిగాను. "లేస్తె లేవనియ్యి. బట్టలారేసే క్లిప్పులు లెవ్వా ఇండ్ల?" అని లేచి, బాకా పెట్టె నా చేతికిచ్చి మాస్టర్ దగ్గరికి నడిచాడు. అది ఎంత బరువో ఆ రోజే తెలిసింది.

మర్నాడు సాయంత్రం బరాత్ చూడ్డానికి నేనూ వెళ్లాను. అందరి ముందూ క్లిప్పులు పెట్టిన ఐదేసి పేజీలు రెపరెపలాడుతున్నాయి. ఒక్కరూ వాటివైపు చూడలేదు. పెద్దనాయన కాగితమైతే నాలుగు మడతలుపడి చొక్కా జేబులో ఉంది. ఆయన ఎడమ మడమ మాత్రం నేల మీద మెల్లగా లెక్క కడుతోంది. నేనూ పక్కన నడుస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఇరవై ఏడు దగ్గర ఎవరో పటాకుల సరం అంటించారు, నా లెక్క పోయింది. ఆయనది పోలేదు. బాకా అందుకునేసరికి ముందు నడుస్తున్న మాస్టర్ వెనక్కి తిరగకుండానే తల ఒక్కసారి ఊపాడు.

ఇప్పుడు అదే రెండో అంతస్తులో నేను మేడమ్‌ని. కొత్తగా చేరిన అమ్మాయి చాలా చురుకైనది, నా మూడు రోజుల పని పది నిమిషాల్లో చేసేస్తుంది. మొన్న ఇంకో బ్యాండు కోసం నేను ఎక్కించిన కాగితం చూసి, "మేడమ్, ఈ ఖాళీ పట్టీలు దాచిపెట్టొచ్చు, మీకు తెల్వదా? రెండు పేజీలల్ల అయిపోతది" అంది, పాపం, నేను నొచ్చుకోకుండా మెల్లగానే. "తెలుసమ్మా, ఉండనీ, అక్కడ ఆయన లెక్కపెట్టుకుంటున్నాడు" అన్నాను. ఆ అమ్మాయి కాగితం వైపోసారి, నా వైపోసారి చూసి, సరేనని తలూపింది. ఆ తలూపుడు నాకు బాగా తెలుసు. నవ్వొచ్చింది. ఐదు పేజీలూ అచ్చు తీసి, పక్కన పెట్టి, సొరుగులో బట్టల క్లిప్పుల కోసం వెతుక్కున్నాను.