రీస్టార్ట్ చేయని గంట

నిన్న ఉదయం ఆరూ ఇరవైకి ఆఫీసు షట్టర్ ఎత్తాను. వేడెక్కిన దుమ్ము వాసన, రూటర్ ఫ్యాన్ల రొద ఒకేసారి బయటికొచ్చాయి. ఈ ఆఫీసును నడిపిన రజియా ఆపా ఆ రొద విని లోపల ఏసీ పనిచేస్తోందో లేదో చెప్పేవారు. ఆమె పోయి ఏడాది కావస్తోంది. నేరేడ్‌మెట్‌లో మా ఇంటర్నెట్ వాడే ఇళ్లలో చాలామందికి ఆమె ఫోన్‌లో గొంతుగానే తెలుసు. అదీ తెలియనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

తన అన్నగారి కేబుల్ టీవీ వ్యాపారాన్ని ఆమె ఇంటర్నెట్ వైపు మళ్లించారు. నేను పనిలో చేరిన ఏడాదే అది చేజారిపోబోయింది. అన్ని ఇళ్ల లైన్లూ వచ్చి కలిసే మా పెద్ద రూటర్ ఉన్నట్టుండి ఆగిపోయేది. స్విచ్ తీసి వేస్తే మళ్లీ నడిచేది. మేము కరెంటునూ ఎండనూ తిట్టుకుంటూ స్విచ్ వేస్తూ వచ్చాం. ఈ వ్యాపారంలో అప్పట్లో ఒక రివాజు ఉండేది. ఒకరి లైను ఆగిందని తెలియగానే రెండోవాళ్ల మనుషులు ఆ గల్లీకి వెళ్లి, తలుపులు తట్టి, కొత్త కనెక్షన్లు అడిగేవాళ్లు. మేమూ అడిగినవాళ్లమే. ఆ వేసవిలో మా కాలనీలు ఒక్కొక్కటే కాప్రా వైపు నెట్ నడిపే శ్రీనివాస్ దగ్గరకు వెళ్లిపోయాయి. ఇంకొకటి పోతే ఆఫీసు మూసేయాల్సిందేనని ఆపా మాకు దాచకుండా చెప్పారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం రూటర్ మళ్లీ ఆగింది. నేను స్విచ్ దగ్గరకు నడిచాను.

"ముట్టకు నాగరాజ్," అన్నారు ఆపా.

"ఫోన్లు షురూ అయినయి ఆపా. మ్యాచ్ నడుస్తుంది."

"నడవనీ. స్విచ్ తీస్తే దాని యాదిల ఉన్నదంత పోతది. పడ్డోన్ని లేపి ఉరికిస్తనే ఉన్నం. ఏమైందిరా అని ఒక్కసారన్న అడిగినమా?"

నన్ను ల్యాప్‌టాప్‌ను నేరుగా రూటర్‌కు కలపమని, ఫోన్లన్నీ ఆమే తీశారు. "కేబుల్ తెగలేదమ్మా. మా మెషీన్లనే గడ్‌బడ్ ఉన్నది. గంట పడతది." ఒకాయన శ్రీనివాసే నయమన్నాడు. "నయమే కావచ్చన్నా. గంట ఆగి చెప్పు," అన్నారు.

ఆగిపోయే ముందు రూటర్ రాసుకున్న చివరి వరుసల్లో కారణం కనిపించింది. ఇంటి నుంచి సరిచేసుకునే వీలుకోసం మేము దానికి బయటి ఇంటర్నెట్ వైపు తలుపులాంటి దారొకటి తెరిచి ఉంచాం. ఆ తలుపు గుండా పద్ధతి తప్పిన సందేశం ఒక్కటి వస్తే చాలు, దాన్ని ఎలా చదవాలో తెలియక రూటర్ మొత్తం పని మానేస్తుంది. దొంగతనం ఏమీ జరగదు. అందరికీ అందాల్సింది అందకుండా పోతుంది. ఇది శ్రీనివాస్ మనుషుల పనేనన్నాను.

"కాదు. దొరికిన తలుపల్ల తట్టుకుంట పోయే ప్రోగ్రాములుంటయి. వాటికి మన పేరు సుత తెల్వది," అన్నారామె.

ఆ లోపాన్ని దిద్దిన సాఫ్ట్‌వేర్‌ను రూటర్ కంపెనీ ఎప్పుడో ఇచ్చింది. లైను ఆపాలి కదా అని మేమే వాయిదా వేస్తూ వచ్చాం. లైను ఎలాగూ ఆగే ఉంది కాబట్టి అప్పుడే దాన్ని ఎక్కించి, తలుపు మూసేశాం. అన్ని దీపాలూ పచ్చగా వెలిగాక ఆపా శ్రీనివాస్ నంబరు కలపబోయారు. అతనిదీ అదే రకం రూటర్.

"ఆయనది సుత పడనీయండి ఆపా. మన కాలనీలు మనకొస్తయి," అన్నాను.

"ఆ ఇండ్లేం జేసినయి?" అని ఆమె స్పీకర్ ఆన్ చేశారు.

విషయమంతా విని అతను అడిగాడు. "నాకెందుకు చెప్తున్నవ్ ఆపా?"

"నా కస్టమర్లను తీస్కపోయినవ్ గద శ్రీనూ. ఇగ వాళ్లకు నెట్ నువ్వే ఇయ్యాలె. జెర మంచిగియ్యి."

అతను నవ్వాడు. తర్వాత ఆ తలుపు ఎలా మూయాలో అడిగాడు.

పోయిన కాలనీలన్నీ తిరిగి రాలేదు. ఉన్నవి మాత్రం మిగిలాయి, ఆఫీసు నిలిచింది. వాళ్లిద్దరూ స్నేహితులు కాలేదు కానీ, రూటర్లలో కొత్త లోపం బయటపడిందని తెలిస్తే ముందు తెలిసినవాళ్లు రెండోవాళ్లకు ఫోన్ చేసేవాళ్లు. ఇప్పుడు ఆ ఫోన్లు నేను చేస్తున్నాను. పొరపాటు మాదైనప్పుడు మాదేనని కస్టమర్లకు చెప్పడం కూడా ఆమె దగ్గరే అలవాటైంది, అది ఇప్పటికీ అంత తేలిక కాదు. నేరేడ్‌మెట్, కాప్రాల మధ్య ఈ రోజుల్లో ఒకరి లైను ఆగితే రెండోవాళ్లు ఆ గల్లీలో తలుపులు తట్టరు.