దొరసాని గోళ్ల పరీక్ష

మా నాయనమ్మ నల్లగొండ మిషన్ బడిలో చదువుకుంది. సముద్రాల అవతలి నుంచి వచ్చిన ఒక దొరసాని ఇల్లిల్లూ తిరిగి, తల్లిదండ్రుల్ని బతిమాలి, ఆడపిల్లల కోసం పెట్టిన బడి అది. అక్కడ అక్షరాల కన్నా గోళ్లు ముందు. రోజూ పొద్దున చేతులు చాపాలి. గోళ్లలో మట్టి కనబడితే ఆ పూట పలక ముట్టనిచ్చేది కాదట.

ఆ దొరసాని మీద నాకు చిన్నప్పటి నుంచీ కోపమే. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఫ్లాటుకు ఎవరొచ్చినా నాయనమ్మకు చేతులు చూపించాల్సిందే. గ్యాస్ సిలిండర్ తెచ్చినతనికీ తప్పలేదు.

ఎల్బీనగర్ నుంచి మగపెళ్లివారు నా పెళ్లిచూపులకు వచ్చిన రోజు, "ఇయ్యాల ఒక్కరోజు ఊకో అత్తమ్మా" అని అమ్మ బతిమాలింది. నాయనమ్మ బుద్ధిగా తలూపింది. పెళ్లికొడుకు కూర్చోగానే, "ఏదీ బిడ్డా, చేతులు చాపు" అంది.

ఆమె కళ్లద్దాలు సవరించుకుని వంగి చూస్తుంటే, జాతకం చెబుతుందనుకుని అతని తల్లి ఆత్రంగా ముందుకు జరిగింది.

"మా పిలగానికి సర్కారు నౌకరీ ఒస్తదా పెద్దమ్మా?"

"ముందుగాల గోర్లు తీసుకొమ్మను. గీ చేతులకు నౌకరీ ఎవరిస్తరు?"

సంబంధం పోయిందని అమ్మ ఏడ్చింది. మర్నాడు సాయంత్రం అతనొక్కడే వచ్చాడు. తిన్నగా నాయనమ్మ ముందుకెళ్లి చేతులు చాపాడు. ఆమె అటూ ఇటూ తిప్పి చూసి, పలక చేతికిచ్చినంత ఠీవిగా, "ఇగ పిల్లతోని మాట్లాడు" అంది.

అతను నా వైపు తిరిగి అన్న మొట్టమొదటి మాట:

"ఏదీ, మీ చేతులు చూపియ్యండి."